మూత్రనాళం మళ్లీ సన్నబడింది: మూడోసారీ కెమెరాతో కోయించుకోవాలా, ఓపెన్ ఆపరేషన్‌కే వెళ్లాలా?

నాచారం కుర్రాడు:
నాకు 34. బైక్ మీద నుంచి పడ్డప్పుడు పెట్రోల్ ట్యాంక్ కాళ్ల మధ్య గట్టిగా తగిలింది. కొన్నాళ్లకు మూత్రం ముక్కితే తప్ప రాని పరిస్థితి. రెండుసార్లు కెమెరాతో లోపలే కోసి దారి వెడల్పు చేశారు. మొదటిది పద్నాలుగు నెలలు ఆగింది, రెండోది ఐదు నెలలే. ఇప్పుడు యూరోఫ్లోలో (మూత్రం ధార వేగం కొలిచే పరీక్ష) సెకనుకు 6 ఎం.ఎల్. వస్తోంది. మా డాక్టర్ మళ్లీ అదే చేద్దాం, మర్నాడే ఇంటికి పంపిస్తానంటున్నారు. ఇంకో డాక్టరేమో చెంప లోపలి పొర తీసి మూత్రనాళానికి అతికే ఓపెన్ ఆపరేషన్, యూరెత్రోప్లాస్టీ, చేయాలన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఏది మేలు?

రామంతాపూర్ వాసి:
పెద్ద ఆపరేషన్‌కి తొందరపడకు తమ్ముడూ. నేను లోపలి కోత ఒక్కసారే చేయించుకున్నా, ఎనిమిదేళ్లయింది, హాయిగా ఉన్నా.

మెహదీపట్నం అన్న:
అన్నా, మీకు ఒక్కసారికే తగ్గింది. తమ్ముడికి రెండుసార్లు తిరగబెట్టింది. రెండూ ఒకటి కాదు.

నాళంలో గట్టిపడ్డ మచ్చను కోస్తే, ఆ కోత మానేటప్పుడు మళ్లీ మచ్చే కడుతుంది. అందుకే వ్యవధి పద్నాలుగు నెలల నుంచి ఐదుకి పడిపోయింది. 2016లో అమెరికా యూరాలజిస్టుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఇదే అంటాయి: సన్నబడ్డ చోటు రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే మొదటిసారి లోపలి కోత చేయొచ్చు, తిరగబెడితే మళ్లీ మళ్లీ కోయకుండా యూరెత్రోప్లాస్టీ చేయాలి.

నేను మూడుసార్లు కోయించుకున్నాకే ఓపెన్‌కి వెళ్లాను. అలా మూడేళ్లు పోగొట్టుకున్నాననే బాధ ఇప్పటికీ ఉంది.

ఆపరేషన్‌కి ముందు డాక్టర్ టార్చి వేసి నా నోరు చూశారు. గుట్కా, జర్దా అలవాటుంటే చెంప పొర బిరుసెక్కి పనికిరాకుండా పోవచ్చట. తర్వాత మూడు రోజులు రాగి జావ, పెరుగన్నం మీదే ఉన్నా. నోరు పూర్తిగా తెరవడానికి రెండు వారాలు పట్టింది. కింది కుట్ల కంటే చెంపే ఎక్కువ ఏడిపించింది. మూత్రం పైపు మూడు వారాలు ఉంచారు. పంచె కట్టుకుని, బ్యాగ్ చేత్తో పట్టుకుని వరండాలో తిరిగేవాణ్ని. మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి, ఎక్కడా కారడం లేదని చూశాకే పైపు తీశారు. ఆ రోజు బాత్రూంలో ధార చప్పుడు వినగానే కళ్లు తిరిగినంత పనైంది. బయట మా ఆవిడ కంగారుగా తలుపు కొట్టింది.

ఇబ్బందులూ దాచను. మూత్రం పోసి లేచాక నాలుగు చుక్కలు కారతాయి. వృషణాల వెనక వేళ్లతో నొక్కి ముందుకు జరిపితే సరిపోతుంది. అంగస్తంభన కొన్ని నెలలు మందగించి తిరిగొచ్చింది. ఇది ముందే భార్యాభర్తలిద్దరూ డాక్టర్‌ని అడగండి, సిగ్గుపడొద్దు. బైక్ మూడు నెలలు ముట్టుకోలేదు. మన స్పీడ్ బ్రేకర్ల సంగతి తెలిసిందే, కుట్లు ఉండేది సరిగ్గా కూర్చునే చోటే.

ఉప్పల్ ఆడపడుచు:
మా నాన్నగారికి 74. గుండెలో స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మందులు వాడుతున్నారు. వారానికోసారి తనే శుభ్రంగా చేతులు కడుక్కుని సన్న పైపు పెట్టుకుని తీసేస్తారు, దారి మూసుకుపోకుండా. అందరినీ ఓపెన్‌కి పంపకండి అన్నా.

మెహదీపట్నం అన్న:
నిజమే చెల్లీ. నాన్నగారి వయసుకి, గుండెకి అదే సరైంది. నేను మాట్లాడేది 34 ఏళ్లవాడి గురించి. వాడికి ముందు ఇంకో నలభై ఏళ్లుంది. తమ్ముడూ, ఇది తరచుగా చేసే చేతికే అప్పగించు, నెలకి ఎన్ని చేస్తారని మొహమాటం లేకుండా అడుగు. నిమ్స్, ఉస్మానియా, గాంధీలో యూరాలజీ విభాగాలున్నాయి. ఆరోగ్యశ్రీ ఉంటే అక్కడి ఆరోగ్యమిత్రతో ముందే మాట్లాడు.

నాచారం కుర్రాడు:
సన్నబడ్డ చోటు ఎంత పొడవుందో ఎక్స్‌రేలో ఎవరూ చెప్పలేదన్నా. ఆ ఫిల్ములు పట్టుకుని శనివారం రెండో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నా. మా ఆవిడా వస్తానంది.