చర్చ: బిల్డింగు ఎత్తులో కొసన పెట్టిన శిఖరాన్ని కలపొచ్చా?

మధురవాడ_సైట్‌ఇంజినీర్:
దుబాయ్ బుర్జ్ ఖలీఫా ఎత్తు 828 మీటర్లు. మనుషులు మసిలే ఆఖరి అంతస్తు మాత్రం 585 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. ఆపైనున్న 240కి పైగా మీటర్లలో ఎవరూ ఉండరు. మన నేషనల్ బిల్డింగ్ కోడ్ అయితే కేవలం అలంకారానికి కట్టిన భాగాన్ని ఎత్తులో కలపదు. ప్రపంచ రికార్డుకు ఎందుకు కలపాలి? నా లెక్కలో ఆఖరి అంతస్తే ఎత్తు.

గాజువాక_ఫ్యాబ్రికేటర్:
ఒప్పుకోనండీ. న్యూయార్క్ క్రైస్లర్ బిల్డింగు శిఖరాన్ని లోపలే గుట్టుగా అమర్చి, 1929లో పైకి లేపి బిగించారు. 319 మీటర్లకు చేరి, పోటీలో ఉన్న 40 వాల్ స్ట్రీట్‌ని దాటేసింది. మన దగ్గర సముద్రం గాలికి మామూలు గర్డర్ (ఉక్కు దూలం) లేపేటప్పుడే తాడు పట్టుకున్నవాడిని అది ఈడ్చుకుపోతుంది. బోల్టు రంధ్రాలు ఎదురెదురుగా కలిసేదాకా పైనున్నవాడు ఊపిరి బిగబట్టుకునే ఉంటాడు. అంత ఎత్తున చేసిన పనిని లెక్కలోంచి తీసేస్తారా?

మధురవాడ_సైట్‌ఇంజినీర్:
ఆ పనికి దండం పెడతాను అన్నా. నా గొడవ లెక్కతోనే. 1996లో ఎత్తైన బిల్డింగుల రికార్డులు తేల్చే అంతర్జాతీయ కౌన్సిల్ కౌలాలంపూర్ పెట్రోనాస్ టవర్లను 452 మీటర్లతో మొదటి స్థానంలో పెట్టింది. చికాగో సియర్స్ టవర్ పైకప్పే 442 మీటర్లు, దాని యాంటెన్నాలు 500 దాటాయి. అయినా రెండో స్థానమే. శిఖరమైతే కలుపుతారు, యాంటెన్నా అయితే కలపరు. గోల లేచాక ఆ కౌన్సిలే నాలుగు రకాల కొలతలు పెట్టింది. 2013లో న్యూయార్క్ వన్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర మళ్లీ అదే పేచీ. దాని కొసను శిఖరమని తేల్చి 541 మీటర్లు ఇచ్చారు.

ఎన్‌ఏడీ_వాసి:
విమానాలకు దగ్గర్లో ఉన్నవాళ్లం కదా, ఇంకో సంగతి. విమానాశ్రయం ఎన్‌ఓసీకి (ఎత్తు మీద అభ్యంతరం లేదని ఇచ్చే పత్రానికి) సముద్రమట్టం నుంచి కొలుస్తారు. ట్యాంకు, యాంటెన్నా, పిడుగు కడ్డీ అన్నీ కలిపే. కొండవాలు మీద ప్లాటైతే నేల ఎత్తే సగం తినేస్తుంది. పైలట్‌కి తగిలేది కొసే కాబట్టి అక్కడ అది సబబు. కొలత పని బట్టి మారుతుంది. జాబితాలో రెండు అంకెలూ వేస్తే సరిపోతుంది.

మధురవాడ_సైట్‌ఇంజినీర్:
వేయండి, కానీ వరస దేన్ని బట్టి? ఇప్పుడు రెండో స్థానం కౌలాలంపూర్‌లోని 679 మీటర్ల మెర్డెకా 118 టవర్‌ది. అందులో ఆఖరి అంతస్తు 500 దాటి కాస్త పైన, అంతే. 632 మీటర్ల శాంఘై టవర్‌లో 583 దాకా మనుషులు తిరుగుతారు. నా కొలతలో శాంఘైదే రెండో స్థానం. బుర్జ్‌కీ దానికీ తేడా రెండు మీటర్లే.