చాపెల్‌లో ఆఫ్రికా దైవశాస్త్రం చెప్పాను, ఇంటికి ఫోన్ వచ్చింది. ఆపేయాలా?

బ్రాడీపేట_చాప్లిన్:
అందరికీ వందనాలు. గుంటూరులో ఒక మిషన్ స్కూల్లో మూడేళ్ళుగా చాప్లిన్‌గా, అంటే బడి పాస్టర్‌గా చేస్తున్నాను. బుధవారం చాపెల్‌కి, అంటే పిల్లలందరి ప్రార్థన కూటానికి, నాకు దొరికేది ఇరవై నిమిషాలు. ఈ ఏడాది ఆరో తరగతిలో టాంజానియా అబ్బాయి ఒకడు చేరాడు. వాళ్ళ నాన్న ఇక్కడ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నారు. మొదటి వారంలోనే పిల్లలు వాడికి పేరు పెట్టేశారు. ఏం పేరో చెప్పక్కర్లేదు.

తిట్టి లాభం లేదని బైబిల్లో సంఖ్యాకాండం 12 తీశాను. మోషే కూషు దేశపు (ఈజిప్టుకి దక్షిణాన ఉన్న ఆఫ్రికా ప్రాంతం) స్త్రీని పెళ్ళి చేసుకున్నాడని వాళ్ళక్క మిర్యాము సణిగింది. ఒళ్ళంతా కుష్ఠు వచ్చి మంచులా తెల్లబడిపోయింది. "ఇక్కడ తెలుపు దీవెన కాదర్రా" అన్నాను. హాల్లో చప్పుడు లేదు.

ఆ ఊపులో మరుసటి వారం కెన్యా దైవశాస్త్రవేత్త జాన్ ఎంబీటీ గురించి చెప్పాను. మిషనరీలు దేవుణ్ణి ఆఫ్రికాకి మోసుకెళ్ళలేదు, ఆయన అప్పటికే అక్కడున్నాడు అన్నది ఎంబీటీ వాదన. సాయంత్రానికల్లా ఒక పేరెంట్ ఫోన్. "అయ్యగారూ, పిల్లలకి చచ్చిపోయినవాళ్ళ పూజ నేర్పుతున్నారా?" నేను ఆ మాటే ఎత్తలేదు! ఆయనే ఎక్కడో వెతికి చదివారట. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. కొనసాగించమంటారా?

గుణదల_టీచర్:
బాబూ, ముప్పై ఏళ్ళు బళ్ళో పనిచేసినదాన్ని, ఒకటి అడుగుతాను. ఆ ఇరవై నిమిషాలూ ఆ అబ్బాయి ఎక్కడ కూర్చున్నాడు? అందరూ తల తిప్పి వాణ్ణే చూశారా లేదా? పాఠం మంచిదే. కానీ వాడు బడికొచ్చింది చదువుకోడానికి, మీ పాఠానికి ఉదాహరణ కావడానికి కాదు. ఇంకోటి, మిర్యామును కుష్ఠు దగ్గరే వదిలేశారు. పాళెం బయట ఉంచిన ఆమె తిరిగొచ్చేదాకా ఏడు రోజులు జనమంతా కదల్లేదు. పేరు పెట్టిన పిల్లలూ మన పిల్లలే కదా, ఆ ముక్క వాళ్ళకి కావాలి.

సెమినరీ_తమ్ముడు:
అయ్యగారూ, ఆ పేరెంట్ గారితో మాట ఆఫ్రికాతో మొదలుపెట్టకండి, పురుషోత్తమ చౌదరి (1803–1890) గారితో మొదలుపెట్టండి. క్రీస్తు మీద ఆయన రాగతాళాలతో కీర్తనలు కట్టారు, మనం ఇప్పటికీ పాడుకుంటున్నాం. అలా కట్టినందుకు ఆయన విశ్వాసం తగ్గిందని ఎవరూ అనరు. ఘనాలో దైవశాస్త్రవేత్త క్వామె బెడియాకో తల బద్దలుకొట్టుకున్నదీ ఈ సంగతి మీదే: క్రైస్తవుడు కావాలంటే ఆఫ్రికావాడు తన తాతల్ని మర్చిపోవాలా అని.

పూర్వికుల సంగతి మాత్రం దాచకండి. ఇంట్లో ఇంకా పేరు పెట్టి తలుచుకునేవాళ్ళని ఎంబీటీ 'బతికున్న మృతులు' అన్నాడు. దాన్ని పూజ అనడం తప్పని కూడా ఆయనే రాశాడు. నవంబర్ 2న సమాధుల పండుగకి మనం పూలు, కొవ్వొత్తులు పట్టుకెళ్ళి సమాధులు కడిగి వస్తాం. అది పూజా?

పటమట_రాజు:
ఆఫ్రికా దాకా ఎందుకు సార్. పెళ్ళి సంబంధాల దగ్గర 'క్రిస్టియన్' పక్కన కులం రాసుకునేవాళ్ళం మనం. కూషు స్త్రీ పాఠం ముందు పెద్దవాళ్ళకి చెప్పండి.

బ్రాడీపేట_చాప్లిన్:
రాజు గారూ, తప్పించుకోలేను, మా ఇంట్లోనూ అదే.

టీచర్ గారూ, వాడు మూడో వరుసలో కూర్చున్నాడు. అందరూ చూశారు. నేనూ చూశాను, అది ఇంకా సిగ్గు. నిన్న వెళ్ళి సారీ చెప్పాను. మాటల్లో తెలిసింది, వాళ్ళూ మాలాగే లూథరన్లేనట (ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ). టాంజానియాలో లక్షల మంది లూథరన్లు ఉన్నారు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన సంగతి ప్రతి ఏడూ చెప్పుకునే మేం, పక్కన కూర్చున్న పిల్లాణ్ణి మీది ఏ సంఘం అని అడగలేదు. ఈసారి చాపెల్‌లో నీకేం చెప్పాలనుంది అన్నాను. "ఏమీ వద్దు సార్, పీఈటీ సార్‌తో చెప్పి నన్ను క్రికెట్‌లోకి తీసుకోమనండి" అన్నాడు.

చెప్పాను. స్పిన్ వేస్తాడట. ఆ పేరెంట్ గారిని శనివారం టీకి రమ్మన్నాను, సమాధుల పండుగ మాట అక్కడ ఎత్తుతాను.