ఆదివారం తగలాగ్ క్లాసు: హాలు ఇవ్వరట, అందరూ వెంటనే చూడండి

(మనీలా తెలుగువాళ్ల గ్రూపు. ఎవరుండే ఏరియా పేరే వాళ్ల పేరు. తగలాగ్ ఇక్కడివాళ్ల భాష.)

మకాటి: నమస్కారం. పనుల లిస్టు ఇది. ప్రింట్లు తగిగ్ వదిన, ప్రొజెక్టర్ పసిగ్ తమ్ముడు, టిఫిన్లు అలబాంగ్ వాళ్లు. పిల్లల్ని చూసుకోడానికి ఇంకా ఇద్దరు కావాలి. కానీ ఇప్పుడే కాండో (అపార్ట్‌మెంట్) అడ్మిన్ నుంచి ఫోన్ వచ్చింది. మనిషికి 200 పేసోలు తీసుకుంటున్నాం కాబట్టి వ్యాపారమట, పైగా బయటివాళ్లు ఎక్కువట. ఫంక్షన్ రూమ్ ఇవ్వరు. నాలుగు రోజులే ఉంది.

పసిగ్: టిఫిన్ ఎవరింటి నుంచి వాళ్లే తెచ్చుకుందాం, డబ్బులొద్దని అప్పుడే చెప్పాను. ఎవరు విన్నారు?

అలబాంగ్: చెప్పడం తేలికే తమ్ముడూ. డిపాజిట్ కట్టింది నా కార్డుతో. అది వెనక్కి వస్తుందో రాదో ముందు ఎవరైనా కనుక్కోండి.

పసిగ్: జూమ్‌లో పెట్టేద్దాం. టెన్షన్ ఉండదు.

తగిగ్: జూమ్ వద్దు. ఇంట్లో ఆతెతో (పనికి సాయం చేసే ఆవిడ, అక్క అని అర్థం) మాట్లాడటం రాక ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పట్టుకుని తిరుగుతున్నవాళ్ల కోసమే కదా ఈ క్లాసు. ఎదురుగా మనిషి ఉంటేనే నోరు తిరుగుతుంది. మా ఆతెని రమ్మంటాను, ఆవిడకి ఆదివారం ఎలాగూ సెలవే.

క్వెజాన్ సిటీ: వదినా, సెలవే కదా అని పిలిస్తే ఎలా? 2013 నాటి కసంబహాయ్ (ఇంటి పనివాళ్ల) చట్టం ప్రకారం వారానికి ఒకసారి 24 గంటలు ఏకధాటిగా విశ్రాంతి ఇవ్వాలి. ఆ రోజు పని చేయించుకోవాలంటే వాళ్లు ఒప్పుకోవాలి, రోజు కూలీ ఇవ్వాలి. ఇంకో మాట. హ్యాండౌట్ చూశాను. పకిలినిస్, పకిహుగాస్... తుడువు, కడుగు, అన్నీ పనులే. "కుమాయిన్ క న బా", తిన్నావా అని అడిగే మాట ఒక్కటీ లేదు. "మసకిత్ బా", నొప్పిగా ఉందా అన్నదీ లేదు. మొదటి పేజీలో ఇవే ఉండాలి.

తగిగ్: నేను ఊరికే పని చేయించుకుంటానని ఎవరన్నారు? మా ఇంట్లో ఆవిడని ఎలా చూసుకుంటామో నీకు తెలియదా?

మకాటి: ఇద్దరూ కాస్త ఆగండి. ఆవిడని అడిగి చెప్పు వదినా.

తగిగ్: అడిగాను. చర్చి అయ్యాక పదింటికి వస్తారట, ఆ రోజు డబ్బు తీసుకుంటారట. ఆవిడది ఇలోయిలో, ఇంటి భాష హిలిగైనోన్. తగలాగ్ మనీలా వచ్చాకే గట్టిగా పట్టుబడిందట, మన తిప్పలు బాగా తెలుసు. హాలెందుకు, పలెంకేకి (కూరగాయల మార్కెట్‌కి) రండి, కూరగాయల ముందు నిలబడితే మాటలు వాటంతటవే వస్తాయన్నారు. కుబావో ఫార్మర్స్ మార్కెట్ అయితే దగ్గర్లోనే రైలు స్టేషన్ ఉంది.

పసిగ్: ఇది బాగుంది! పదేసిమంది గుంపులుగా వెళ్దాం. ఎక్కువమంది అయితే అంగళ్లకి అడ్డం.

అలబాంగ్: శాకాహారులు ఒకటి గట్టిగా నేర్చుకోవాలి. "వలాంగ్ కర్నె" అంటే మాంసం లేకుండా అనే. చేప (ఇస్దా), గుడ్డు (ఇత్లోగ్), పాతిస్ కూడా వద్దని విడివిడిగా చెప్పాలి. పాతిస్ అంటే చేపల నుంచి తీసే ఉప్పటి సాస్, కూరల్లో అలవాటుగా పోసేస్తారు. రైస్ అని ఊరుకోవద్దు కూడా. బియ్యం కావాలంటే బిగాస్, వండిన అన్నమైతే కానిన్. వడ్లకి పాలాయ్ అని వేరే మాటుంది, మనలాగే.

క్వెజాన్ సిటీ: వదినా, ఆవిడ గుంపులో నేనూ ఉంటాను. వయసులో పెద్దావిడ కాబట్టి అందరం "పో" (మన "అండీ" లాంటిది) చేర్చి మాట్లాడదాం. అర్థంకాకపోతే "దహన్-దహన్ లాంగ్ పో" అనండి, నెమ్మదిగా చెప్తారు.

తగిగ్: రా నాన్నా. ఆవిడకి బస్సు ఖర్చులు కూడా మనమే ఇద్దాం.

మకాటి: 200లు జీక్యాష్ ఫోన్ వాలెట్‌లో వెనక్కి పంపుతున్నాను, నంబర్ మారినవాళ్లు చెప్పండి. డిపాజిట్ సంగతి రేపు అడ్మిన్‌ని నేనే అడుగుతాను.

పసిగ్: పదింటికి మార్కెట్ ప్రధాన ద్వారం దగ్గర ఉంటాను. చిల్లర తెచ్చుకోండి, వెయ్యి నోటు ఇస్తే కూరలవాళ్లకి ఇబ్బంది. పచ్చి మామిడికాయ ముక్కలతో పాటు గోధుమరంగు ముద్ద ఇస్తే అది బగోంగ్, రొయ్యలది. పిల్లలకి ముందే చెప్పి తీసుకురండి.