ఫిజిక్స్‌ని డాన్స్‌తో, నాటకంతో చెప్పొచ్చా? చూసినవాళ్ళకి చివరికి ఏం మిగులుతుంది?

లోలకం:
ఈమధ్య పరమాణువు మీద ఒక నృత్య ప్రదర్శన చూశాను. మధ్యలో ఇద్దరు ఎర్ర బట్టల్లో, వాళ్ళ చుట్టూ నలుగురు నీలం బట్టల్లో గుండ్రంగా తిరుగుతూ. చాలా బాగా చేశారు, కాదనను. కానీ బయటికొస్తుంటే నా ముందున్న పిల్లాడు వాళ్ళమ్మతో "ఎలక్ట్రాన్లు గ్రహాల్లా తిరుగుతాయి కదమ్మా" అన్నాడు, ఆవిడ అవునంది. అది 1913లో బోర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన బొమ్మ. 1926లో ష్రోడింగర్ సమీకరణం (ఎలక్ట్రాన్ ఎక్కడ దొరికే అవకాశం ఎంతో మాత్రమే చెప్పేది) వచ్చాక ఆ కక్ష్యలకి కాలం చెల్లింది. వందేళ్ళ కిందటే వదిలేసిన ఊహని ఇంత అందంగా మనసులో నాటితే రేపు దాన్ని ఎవరు పీకాలి? తెలియకపోవడం కన్నా తప్పుగా తెలియడం ప్రమాదం అనిపిస్తోంది. మీరేమంటారు?

నీలిచుక్క:
అదే బొమ్మ పాఠ్యపుస్తకాల్లోనూ ఉంటుంది కదండీ. పుస్తకం చేసిన తప్పుకి డాన్స్‌ని ఎందుకు తిట్టడం? ఆ పిల్లాడు ఇంటికెళ్తూ ఎలక్ట్రాన్ గురించి మాట్లాడాడు, అదేమన్నా చిన్న విషయమా?

అడుగులసడి:
నేను నాట్యం నేర్చుకున్నాను, ఫిజిక్స్ చదివాను, అందుకని కొంచెం వివరంగా రాస్తాను. లోలకం గారు చెప్పిన ప్రదర్శనలో నృత్యం ఫిజిక్స్‌కి వేసిన వేషం మాత్రమే, బట్టల రంగులు మారిస్తే అదే డాన్స్ సౌరకుటుంబం అయిపోతుంది. అన్నీ అలా ఉండవు. ఫిలిప్పీన్స్‌లో బినసువాన్ అని ఒక నృత్యం ఉంది, అరచేతుల మీద గ్లాసులు పెట్టుకుని ఒలక్కుండా తిప్పుతారు. మీరూ ఇప్పుడే చేసి చూడండి. కుడి అరచేతి మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అరచెయ్యి పైకే ఉంచి, చంక కింద నుంచి ఒక చుట్టు తిప్పండి. 360 డిగ్రీలు తిరిగి గ్లాసు మొదట ఉన్నట్టే ఉంటుంది, కానీ చెయ్యి మెలిపడిపోయి ఉంటుంది. ఆపకుండా అదే దిశలో తల మీదుగా ఇంకో చుట్టు తిప్పితే మెలిక విడిపోతుంది. అంటే చెయ్యి మామూలు స్థితికి రావడానికి 720 డిగ్రీలు కావాలి. ఎలక్ట్రాన్ స్పిన్ (దానికి సహజంగానే ఉండే, భ్రమణంలాంటి ఒక గుణం) పద్ధతీ ఇదే, ఒక చుట్టు తిప్పితే దాని స్థితికి గుర్తు తారుమారవుతుంది (ప్లస్ మైనస్ అవుతుంది), రెండో చుట్టుకి గానీ మళ్ళీ మొదటికి రాదు. 1975లో న్యూట్రాన్లతో (వాటికీ ఇదే రకం స్పిన్ ఉంటుంది) ప్రయోగం చేసి దీన్ని నిర్ధారించారు కూడా. నాకు క్లాసులో సమీకరణంగా ఎక్కని విషయం ఇది, భుజం నొప్పి పుట్టాక ఎక్కింది. ఇక్కడ శరీరం ఫిజిక్స్‌కి అలంకారం కాదు, ఆ గణితం చేతిలోనే ఉంది.

లోలకం:
చేసి చూశాను. రెండుసార్లు నీళ్ళు ఒలికాయి, మూడోసారి వచ్చింది. ఇది నిజంగా గొప్పగా ఉంది, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక అనుమానం. నా చెయ్యి భుజానికి అతుక్కుని ఉంది కాబట్టి మెలిపడింది. ఎలక్ట్రాన్ దేనికీ అతుక్కుని లేదు కదా. పోలిక ఎక్కడ ఆగిపోతుందో వేదిక మీద ఎవరైనా చెప్తారా? చెప్తే ప్రదర్శన పాడవుతుందని చెప్పరు. నా గొడవంతా అక్కడే.

ఇసుకరేణువు:
ఇంకో సంగతి మర్చిపోతున్నాం. ప్రదర్శన అంటే తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పడమే అనుకుంటున్నారు అందరూ. క్లాడ్నీ అనే జర్మన్ శాస్త్రవేత్త లోహపు పలక మీద ఇసుక చల్లి, అంచుని వయొలిన్ కమానుతో రాసి, ఇసుక గీతలుగా పేరుకోవడం ఊరూరా తిరిగి చూపించేవాడు. 1809లో నెపోలియన్ ముందు కూడా చేశాడు. ఆ గీతలు ఎందుకు అలాగే వస్తున్నాయో అప్పటికి సరైన సిద్ధాంతం లేదు. దానికోసం బహుమతి పెడితే, చివరికి 1816లో సోఫీ జెర్మైన్ అనే ఫ్రెంచ్ గణితవేత్త గెలుచుకుంది. అంటే జనం చూసి ఆశ్చర్యపోయిన ఆట ముందు, గణితం తర్వాత. అర్థం పూర్తిగా తెలిశాకే వేదిక ఎక్కాలంటే అది ఎప్పటికీ జరగకపోయేది.

లోలకం:
క్లాడ్నీ చూపించింది నిజమైన ఇసుక, నిజమైన కంపనం. అది ప్రయోగమే. నేను అడుగుతున్నది కంటికి కనపడనివాటి సంగతి.

అడుగులసడి:
సరే, ఆ పరమాణువు నృత్యాన్నే మళ్ళీ కూరుద్దాం. చీకటి వేదిక, ఒక్క నర్తకి. ఫ్లాష్ వెలిగినప్పుడే ఆమె ఎక్కడుందో కనిపిస్తుంది, కనిపించిన ప్రతి చోటా నేల మీద ఒక సుద్ద గుర్తు. వంద ఫ్లాషులయ్యాక లైట్లు వేస్తే నేలంతా గుర్తులు, కొన్నిచోట్ల దట్టంగా, కొన్నిచోట్ల పలచగా. గ్రహాలు, కక్ష్యలు ఏమీ లేవు.

నీలిచుక్క:
ఇది ఎవరైనా చేస్తే నేను తప్పకుండా వెళ్తాను.

లోలకం:
నేనూ వస్తాను. కానీ రెండు ఫ్లాషుల మధ్య చీకట్లో ఆమె అడుగుల చప్పుడు వినిపిస్తుంది కదా, ఏదో దారిన నడిచి వెళ్ళిందనే అనుకుంటారు జనం. ఎలక్ట్రాన్‌కి అలాంటి దారి ఉందని చెప్పలేం. దానికేం చేస్తారు?

అడుగులసడి:
ఒకరిని కాకుండా, ఒకేలాంటి బట్టల్లో ఇరవైమందిని చీకట్లో ముందే కదలకుండా నిలబెట్టి, ఒక్కో ఫ్లాష్ ఒక్కొక్కరి మీద వేస్తే? అడుగుల చప్పుడు ఉండదు. కానీ అప్పుడు ఎలక్ట్రాన్లు ఇరవై ఉన్నాయనుకుంటారేమో. రేపు మా బృందంతో రెండు రకాలుగానూ చేసి చూసి రాస్తాను.