అప్‌డేట్: బెంజిమిడజోల్ రంగు మారడానికి కారణం దొరికింది

ఆర్థో-ఫినిలీన్ డైఅమీన్‌ను ఫార్మిక్ ఆమ్లంతో వేడి చేసి తయారుచేసిన బెంజిమిడజోల్ అనే సేంద్రియ సమ్మేళనం తెల్లగా కాక గోధుమరంగులో వస్తోందని, 170 దాకా ఆగకుండా 160 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతోందని గతవారం ఇక్కడ అడిగాను. మీరు అనుమానించినట్టే లోపం ముడిపదార్థమైన డైఅమీన్‌లో ఉంది. పాత సీసా మూత తీస్తే, దాదాపు తెల్లగా ఉండవలసిన పదార్థం గాలి తగిలి ఆక్సీకరణం చెంది కాఫీపొడిలా కనిపించింది. కొత్త సీసా వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు కనుక, వచ్చిన ఉత్పన్నాన్నే మరిగే నీటిలో కరిగించి, రంగును పీల్చుకునేందుకు చిటికెడు ఉత్తేజిత బొగ్గు కలిపి, వేడిగా ఉండగానే వడపోశాను. గరాటును ముందే వేడిచేయకపోవడం నా పొరపాటు. మొదటిసారి స్ఫటికాలు దాని కాడలోనే గడ్డకట్టాయి. రెండోసారి తెల్లగా వచ్చాయి గానీ, విశాఖ సముద్రపు గాలిలో బల్లమీద ఆరబెడితే తేమ పోలేదు. రాత్రంతా డెసికేటర్‌లో (తేమను పీల్చే పదార్థం ఉంచిన మూతపాత్రలో) ఉంచాక 170–171 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగాయి. దిగుబడి మాత్రం సగానికి పడిపోయింది.