12,000 గంటలు తిరిగిన ఎక్స్‌కవేటర్: ఓవర్‌హాల్ ఖర్చు ఎలా వేయాలి?

కుప్పం దగ్గర గ్రానైట్ క్వారీలో 20 టన్నుల ఎక్స్‌కవేటర్. కొన్న ధర 56 లక్షలు, ఏడాదికి 2,000 గంటల పని. ఉంచాలా, అమ్మాలా అని గంటకు సగటు ఖర్చు కట్టాం: కొన్న ధరలోంచి బజారు ధర తీసేసి, అప్పటిదాకా అయిన రిపేర్లు కలిపి, మొత్తం గంటలతో భాగించాం. తరుగుదలకు ఖాతా పుస్తకాల్లోని విలువ తీసుకోలేదు. డీజిల్, ఆపరేటర్ జీతం ఏటా దాదాపు ఒకటే కాబట్టి వదిలేశాం.

8,000 గంటలకు 500 రూపాయలు, 10,000కీ అంతే. 12,000కి (బజారు ధర 21 లక్షలు, రిపేర్లు 25) మళ్లీ 500. ఈ సగటు పెరగడం మొదలైతే అమ్మేయాలన్నది లెక్క, కానీ ఎక్కడ పెరగడం మొదలవుతుందో అంతుపట్టట్లేదు.

ఇప్పుడు ట్రాక్ చైన్లు, రోలర్లు అరిగిపోయాయి. రాతిపొడికి ఇక్కడ త్వరగానే పోతాయి. ఆయిల్ వేడెక్కితే పంపు ప్రెషర్ పడిపోయి బూమ్ నెమ్మదిగా లేస్తోంది. రెండింటి ఓవర్‌హాల్‌కు (విప్పి పూర్తిగా బాగుచేయడానికి) కలిపి 9 లక్షలు, మామూలు రిపేర్లకు మరో 3. ఇంత చేయించినా ఏడో ఏడు చివర 19 లక్షలకు మించి రాదు.

ఆ 9 లక్షలూ ఈ ఏడే వేస్తే 14,000 గంటలకు సగటు 529, అంటే ఇప్పుడే అమ్మేయాలి. 6,000 గంటలకు (మూడేళ్లకు) పంచితే ఈ ఏడు వాటా 3 లక్షలే, సగటు 486, అంటే ఉంచుకోవాలి. కానీ పంచాక ఈ ఏడు చివరే అమ్మితే మిగతా 6 లక్షలు ఏ లెక్కలోకీ రావు, అదే నాకు నచ్చట్లేదు.

ఇలాంటి నిర్ణయానికి ఓవర్‌హాల్ ఖర్చు చేసిన ఏడాదిలోనే మొత్తం వేయాలా, గంటలకు పంచాలా?