టమోటాలో, చామంతిలో గీతలు గీసే ఈగ ఒకటేనా?

పలమనేరు రైతుబిడ్డ:
అందరికీ నమస్కారం. ఎకరంన్నర టమోటా, గట్టు వారగా ఆరు సాళ్లు చామంతి, మధ్యలో కొంచెం అలసంద పెట్టినాను. మూడింటి ఆకుల మీదా తెల్లటి వంకర గీతలు. మా ఊళ్లో అన్నిటినీ పాముపొడ అనేస్తారు. నాకు మందు పేరు వద్దు. మూడింట్లో ఉన్నది ఒకే రకం ఈగా? ఒకటే అయితే చామంతి పీకేస్తే టమోటా బాగుపడుతుందా? ఈగను పట్టి రకం తేల్చే పద్ధతి ఏదైనా ఉందా? ఫోటోలు పెట్టినాను.

పుంగనూరు మేడి:
తమ్ముడూ, ముందు కింది ఆకులు తుంచి కాల్చెయ్. నిరుడు షాపాయన ఇచ్చిన రెండు మందులు కలిపి వారం వారం కొట్టినాను. గీతలు తగ్గకపోగా పై ఆకులకు ఎక్కినాయి. మందుల అప్పు ఇంకా తీరలేదు. మదనపల్లె మార్కెట్‌కు తోలిన బాక్సులకు బాడుగ కూడా రాలేదు.

రేణిగుంట మిద్దెతోట:
నా కుండీల్లో బీర ఆకులకూ ఇదే వచ్చింది, వేప కషాయంతో తగ్గింది. కానీ పాముపొడ అంటే వరిలో వచ్చే తెగులు కదండీ?

పుంగనూరు మేడి:
అది వేరమ్మా. వరిలోది ఫంగస్‌తో వచ్చే తెగులు, ఆకు తొడుగు మీద పాము చర్మం మాదిరి మచ్చలు పడతాయి. ఇది పురుగు. పేరు ఒకటే కావడంతో తెగులు మందు తెచ్చి టమోటాకు కొట్టినవాళ్లు మా పక్క ఊళ్లోనే ఉన్నారు.

చంద్రగిరి నిమ్మతోట:
ఇరవై రెండేళ్లుగా నిమ్మ సాగు చేస్తున్నాను. ఈ గీతలు నాకు కొత్త కాదు. చిగురాకులో వెండి రంగు సొరంగం, ఆకు అంచు ముడుచుకుంటుంది. దాన్నుంచి వచ్చేది చిన్న రెక్కల పురుగు. ఈగ అని మీకు ఎవరు చెప్పారు?

కీటకం97:
సార్, నిమ్మలోది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా, చిమ్మట (మాత్) జాతి. ఫోటోలోది అది కాదు. ఆకును ఎండకు పట్టి చూడండి, సొరంగంలో కాళ్లు లేని, తలకాయ విడిగా కనపడని పసుపు పురుగు ఉంటే అది ఈగ పిల్ల. టమోటాలోనే గీతకు బదులు పెద్ద పొక్కులు పడి, కాయకు కూడా రంధ్రాలుంటే టూటా అబ్సొల్యూటా అని అనుమానించాలి. అదీ చిమ్మటే, మన దేశంలో 2014లో బయటపడింది. దాని పురుగుకు తల, కాళ్లు స్పష్టంగా ఉంటాయి. రైతుబిడ్డ అన్నా, మీది లిరియోమైజా ట్రైఫోలి. అమెరికా నుంచి వచ్చిన ఈగ, 1990ల మొదట్లో మన దేశంలో గుర్తించారు. వంద శాతం అదే.

భూతద్దం:
ఫోటో చూసి వంద శాతం అనకండి. ఎం.ఎస్సీ.లో రెండేళ్లు ఈ కుటుంబం ఈగల మీదే పని చేశాను. సటైవే అనే ఇంకో లిరియోమైజా కూడా టమోటాలో ఉంటుంది. గీత చూసి ఆ రెంటినీ విడదీయలేరు.

కీటకం97:
ఈగ ఫోటో కూడా ఉంది కదా సార్. తల వెనక ఉండే రెండు వెంట్రుకలూ పసుపు భాగంలోనే మొలిచాయి. సటైవేలో బయటి వెంట్రుక నల్ల భాగంలో ఉంటుంది. వీపు కూడా బూడిద రంగులో మెరుపు లేకుండా ఉంది, సటైవే అయితే నిగనిగలాడుతుంది. ఇంకేం కావాలి?

భూతద్దం:
సెల్‌ఫోన్ ఫోటోలో రెండు మిల్లీమీటర్ల ఈగ తల వెంట్రుక మీకు కనపడిందా? అప్పుడే బయటికొచ్చిన ఈగ రంగు పాలిపోయి ఉంటుంది, ఒక రోజు ఆగితే గానీ అసలు రంగు రాదు. మగ ఈగను పట్టి, పొట్ట చివరి భాగాన్ని కాస్టిక్ పొటాష్ (ఎరువు పొటాష్ కాదు) ద్రావణంలో మరగబెట్టి, జననాంగం ఆకారం చూడాలి. ట్రైఫోలిలో దాని కొనన ఉన్న బుడిపె మధ్యలో గట్టిగా నొక్కినట్టుంటుంది, సటైవేలో కొంచెమే నొక్కు. ఆడ ఈగతో నమ్మకంగా తేలదు.

కీటకం97:
రైతు పొలంలో పొటాష్ మరగబెట్టుకుంటూ కూర్చోవాలా? ఆయనకు అవసరమైనంత చెప్పాను. మీ చదువు చూపించడానికి ఆయన ప్రశ్నను వాడుకోకండి.

భూతద్దం:
రకం తేల్చే పద్ధతి ఉందా అని ఆయనే అడిగారు, చదవండి. తప్పు పేరు పెడితే తప్పు మందు కొడతారు, ఆ మందుకు ఈగ కన్నా ముందు దాన్ని తినే చిన్న కందిరీగలు చస్తాయి. మేడి గారి పొలంలో జరిగింది అదే అయి ఉంటుంది. అందుకే కోపం వచ్చింది.

పుంగనూరు మేడి:
ఆ కందిరీగల సంగతి నాకు ఒక్కరూ చెప్పలేదు సార్. ఈ మాట నిరుడు తెలిసి ఉంటే బాగుండేది.

కుప్పం పూలతోట:
మీరంతా టమోటా మీదే ఉన్నారు. చామంతి ఆకు మీద గీత పడితే పూలకు రేటు కోసేస్తారు, ఆ నష్టం ఎవరికీ పట్టదు. ఒక మాట. మా చామంతిలో నల్ల గింజలాంటి ప్యూపాలు (పురుగు ఈగగా మారే ముందు ఉండే గూళ్లు) ఆకు లోపలే, అడుగు వైపు ఉబ్బుగా కనపడుతున్నాయి. టమోటాలో అట్ట ఎప్పుడూ చూడలేదు.

భూతద్దం:
అక్కా, మొదట అడగాల్సిన ప్రశ్న ఇది! లిరియోమైజా పురుగు సాధారణంగా ఆకు కోసుకుని బయటికొచ్చి నేలలో ప్యూపా అవుతుంది. ఆకు లోపలే ప్యూపా అయితే అది బఠాణీ ఈగ, క్రొమటోమైయా హార్టికోలా కావచ్చు. ఒళ్లంతా బూడిద నలుపు, లిరియోమైజాకు ఉన్నట్టు వీపు చివర పసుపు చుక్క ఉండదు. చలికాలంలోనే ఎక్కువ.

కీటకం97:
క్రొమటోమైయా అనే ప్రజాతిని 2009లోనే ఫైటోమైజాలో కలిపేశారు. ఇప్పుడు అది ఫైటోమైజా హార్టికోలా. పాత పేరు చెప్పకండి.

భూతద్దం:
నిజమే, కలిపారు. పాత పుస్తకాల్లో వెతికేవాళ్లకు దొరకాలని పాత పేరు రాశాను. ఈగ అదే.

చంద్రగిరి నిమ్మతోట:
నిన్న మా అలసంద ఆకు ఎండకు పట్టి చూశాను. పురుగుకు కాళ్లు లేవు. నిమ్మ చిగురులో పురుగు దీనిలా లేదు, బల్లపరుపుగా ఉంది. నేను తొందరపడ్డాను.

పలమనేరు రైతుబిడ్డ:
పన్నెండు రోజులైంది. మూడు పంటల ఆకులూ వేర్వేరు డబ్బాల్లో తడి కాగితం వేసి, పైన గుడ్డ కట్టి పెట్టినాను. టమోటా, అలసంద డబ్బాల్లో ప్యూపాలన్నీ అడుగున రాలినాయి, పసుపు చుక్క ఉన్న ఈగలు వచ్చినాయి. చామంతిలో పదకొండు ఆకు లోపలే ఉన్నాయి, వాటి నుంచి బూడిద ఈగలు వచ్చినాయి. రెండు మాత్రం కింద రాలినాయి, వాటిలో వచ్చింది పసుపు చుక్కదే. అంటే చామంతిలో రెండు రకాలూ ఉన్నాయి. చామంతి పీకలేదు, కింది ఆకులు తీసేసి పసుపు జిగురు అట్టలు కట్టినాను. భూతద్దం సార్, మగవి, ఆడవి నాకు తెలియవు, ఈగలన్నీ స్పిరిట్ సీసాలో వేసి పెట్టినాను. రకం తేల్చడానికి తిరుపతిలో మీ దగ్గరికి ఎప్పుడు తెమ్మంటారు?